గోచీ, పిల్లి, ఆవు: మార్పులు చేసిన ఎంజీబీ కార్లలో మంచిదాన్ని ఎంచుకోవడం ఎలా?

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకున్నాడు. పిల్లికి పాలు కావాలి కాబట్టి ఆవు వచ్చింది. ఆవును కాయడానికి మనిషి, ఆ మనిషికి ఇల్లు, చివరికి సన్యాసి పిల్లాపాపలతో నిండు సంసారి అయ్యాడు. మన పెద్దలు ఈ కథను కోరికలు పెరిగే తీరు గురించి చెబుతారు. నాకు మాత్రం మార్పులు చేసిన పాత స్పోర్ట్స్ కారు ముందు నిలబడిన ప్రతిసారీ ఇదే గుర్తుకొస్తుంది. పెద్ద ఇంజను పెడితే పెద్ద రేడియేటర్ కావాలి. వేగం పెరిగితే గట్టి బ్రేకులు కావాలి. బ్రేకులు పెద్దవైతే పాత చక్రాలు పట్టకపోవచ్చు. చక్రాలు వెడల్పైతే టైర్లు మడ్‌గార్డుకు రాసుకుంటాయి.

ఒక్కటే తేడా. కథలో సన్యాసి ఆవు దాకా వెళ్లడం పొరపాటు. కారు విషయంలో ఆవు దాకా వెళ్లకపోవడం పొరపాటు. పిల్లిని తెచ్చి పాలు పోయకుండా వదిలేసిన కార్లే సంతలో ఎక్కువ. అందుకని నేను కారులో చేసిన మార్పును చూసి మార్కులు వేయను. ఆ మార్పు అడిగిన తర్వాతి మార్పు జరిగిందా లేదా చూసి వేస్తాను. పిల్లి కనబడగానే ఆవు కోసం వెతుకుతాను.

ఈ పద్ధతిని చూపించడానికి ఎంజీబీ కంటే మంచి కారు లేదు. మన ఊళ్లలో ఎంజీ అనగానే హెక్టర్ కళ్లముందు కదులుతుంది. ఆ రెండక్షరాలు ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గరాజెస్ అనే పేరు నుంచి వచ్చాయి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 అక్టోబర్ దాకా తయారైన స్పోర్ట్స్ కారు ఎంజీబీ. 1,798 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజను, మొదట్లో 95 హార్స్‌పవర్. మడిచే టాపు ఉన్నది రోడ్‌స్టర్. 1965లో వచ్చిన, గట్టి పైకప్పూ వెనక పైకి లేచే తలుపూ ఉన్నది జీటీ. మొత్తం ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి, అందులో పెద్ద వాటా అమెరికాకు వెళ్లింది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో స్థిరపడి, పాత కారు ముచ్చట తీర్చుకోవాలనుకునే తెలుగువారి చేతికి అందే క్లాసిక్ స్పోర్ట్స్ కార్లలో ఇది ముందు వరుసలో ఉంటుంది. దొరకని విడిభాగం దాదాపు లేదు. 1988 నుంచి పాత అచ్చుల మీదే కొత్త బాడీలు కూడా తయారు చేస్తున్నారు. విడిభాగాలు ఇంత సులువుగా దొరికే కారును ఎవరు ముట్టుకోకుండా వదులుతారు? తాతల నాటి నగను ప్రతి తరం కోడలూ కరిగించి కొత్త డిజైను చేయించుకున్నట్టు, ప్రతి యజమానీ దీనిమీద తన చెయ్యి వేశాడు.

ముందు మోకాళ్లమీద కూర్చోండి

బానెట్ ఎత్తమని అడిగే ముందు కారు పక్కన నేలమీద కూర్చోండి. అమ్మేవారు ఇంజను చూపించాలని తొందరపడతారు. పడనివ్వండి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా సాగే ఉక్కు భాగాన్ని సిల్ అంటారు. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కాబట్టి కారు నడుము వంగకుండా నిలబెట్టేది ఈ రెండు సిల్‌లే. వీటికి లోపలి రేకు, మధ్య రేకు, బయటి రేకు ఉంటాయి. లోపలివి తుప్పు తినేసినా బయట కొత్త రేకు అతికి, లప్పం పూసి, మెరిసే రంగు కొడితే చూడటానికి కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ సిల్‌కు అతికినట్టు సరిపోతుంది.

పరీక్షలు రెండు చాలు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరపండి. పట్టు జారిన చోట ఉక్కు బదులు లప్పం ఉంది. తర్వాత కారును జాకీతో ఎత్తించి తలుపు తీసి వేయండి. నేలమీద సాఫీగా పడిన తలుపు ఎత్తినప్పుడు ఇరుక్కుంటే నడుము బలం పోయినట్టే. ఆ కారులో ఎలాంటి ఇంజను ఉన్నా ఇక అక్కడ కాలక్షేపం చేయవద్దు.

బ్రిటన్‌లో వాహనాలను నమోదు చేసే డి.వి.ఎల్.ఎ. చాలా ఏళ్లపాటు వాడిన ఒక లెక్క నాకు ఎంతో ఇష్టం. బాగా మార్చేసిన కారు పాత నంబరును నిలుపుకోవాలంటే ఎనిమిది పాయింట్లు తెచ్చుకోవాల్సి ఉండేది. బాడీకి లేదా ఛాసిస్‌కు ఐదు, సస్పెన్షన్‌కు రెండు, ఇరుసులకు రెండు, గేర్ బాక్స్‌కు రెండు, స్టీరింగ్‌కు రెండు. మరి ఇంజనుకు? ఒక్కటే ఒక్కటి! కుర్రకారు గంటలు గంటలు వాదించుకునే ఇంజనుకు ఒక్క మార్కు వేసి, ఎవరూ వంగి చూడని రేకుకు ఐదు మార్కులు వేసిన ఆ గుమాస్తాకు నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి కొనే రోజున అమల్లో ఉన్నవి చూసుకోండి. కారును తూచడానికి మాత్రం నాకు ఇప్పటికీ ఇదే తక్కెడ.

నల్ల బంపరా, మెరిసే బంపరా?

అమెరికా భద్రతా నియమాల కోసం 1974 చివరిలో ఎంజీబీకి పెద్ద నల్ల బంపర్లు వచ్చాయి. అందరూ రబ్బరు బంపర్ అంటారు, నిజానికి అది ఉక్కు మీద తొడిగిన పాలీయురేథేన్. దాంతోపాటు కారు ఎత్తును కూడా పెంచారు. నేలకు హత్తుకుని ఉండాల్సిన కారు కాలివేళ్ల మీద నిలబడి గోడ అవతలికి తొంగిచూస్తున్నట్టు తయారైంది, మలుపుల్లో ఊగడం మొదలుపెట్టింది. 1977 మోడల్‌లో ముందు చక్రాల దగ్గరా వెనక చక్రాల దగ్గరా యాంటీ రోల్ బార్లు, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే ఉక్కు కడ్డీలు, పెట్టిన తర్వాత ఆ ఊగుడు కొంత తగ్గింది.

అందువల్ల ఎక్కువమంది చేయించే మొదటి మార్పు నల్ల బంపర్ పీకేసి పాత క్రోమ్ బంపర్ పెట్టించడం. ఇక్కడ పిల్లి బంపర్, ఆవు ఎత్తు. బంపర్ మార్చి ఎత్తు తగ్గించని కారు, పట్టుచీర కింద వానాకాలపు బూట్లు తొడుక్కుని పెళ్లిపందిట్లోకి వచ్చినట్టు ఉంటుంది. కొంచెం దూరం నుంచి ముందు టైరుకూ దాని పైనున్న రేకుకూ మధ్య ఖాళీ చూడండి, వెంటనే తెలిసిపోతుంది. ఎత్తు తగ్గించారు అంటే ఎలా తగ్గించారో అడగండి. ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం, అంటే క్రాస్ మెంబర్, పాత రకానిది పెట్టారా, లేక స్ప్రింగులను కత్తిరించారా? కత్తిరించిన స్ప్రింగు మాట వినగానే నేను ధర గురించి మాట్లాడటం ఆపేస్తాను.

రబ్బరు బంపర్ ఉంచుకుని ఎత్తు సరిగ్గా తగ్గించి, యాంటీ రోల్ బార్లు ఉన్న కారుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. దాని ముఖం అందరికీ నచ్చదు. రోడ్డు మీద మాత్రం తన మాట మీద నిలబడుతుంది. క్రోమ్ ముఖం మీద మనసు పడినవారు 1974కు ముందు తయారైన కారును వెతుక్కోవడమే మేలు.

పుల్లల చక్రాల ముచ్చట

సైకిలు పుల్లల్లాంటి తీగలున్న చక్రాలంటే ఎవరికైనా మోజే. ఎండలో అవి తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి తీగ చక్రాలతో వచ్చిన ఎంజీబీ వెనక ఇరుసు, మామూలు చక్రాలతో వచ్చినదాని ఇరుసు కంటే పొట్టిది. మామూలు ఇరుసు మీద అడాప్టర్ బిగించి తీగ చక్రం ఎక్కిస్తే చక్రం బయటికి జరుగుతుంది, వెనక టైరు రేకును రాస్తుంది. చూసి మురిసిపోయి, వెనక సీటు అరలో సామాను వేసుకుని బయలుదేరినప్పుడు మొదటి గతుకులోనే వచ్చిన ఆ రాపిడి చప్పుడు ఒకసారి విన్నాను, ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటినుంచి తీగ చక్రాలున్న కారు చూస్తే వెనక మడ్‌గార్డు లోపలి అంచును వేలితో తడిమి చూస్తాను. అక్కడ రంగు అరిగి ఉక్కు తగిలితే పిల్లి వచ్చింది, ఆవు రాలేదని అర్థం.

వి8: అందరి కళ్లూ దానిమీదే

ఇక అసలు ముచ్చటకు వద్దాం. ఎంజీబీలో ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టాలన్న ఆలోచన బయటివాళ్లదే. కెన్ కాస్టెల్లో అనే ఆయన బ్రిటిష్ కంపెనీ రోవర్ చేసిన వి8 ఇంజనును ఎంజీబీలో అమర్చి అమ్మాడు. 1973లో కంపెనీయే జీటీలో 3,528 సి.సి. రోవర్ వి8 పెట్టి, 137 హార్స్‌పవర్‌తో విడుదల చేసింది. 1976 వరకు 2,591 కార్లు చేసింది. అంటే ఇక్కడ మార్పే ముందు పుట్టింది, ఫ్యాక్టరీ దాని వెనక నడిచింది. అసలుతనం గురించి మరీ గట్టిగా మాట్లాడేవారికి నేను ఈ సంగతి గుర్తుచేస్తూ ఉంటాను.

ఈ ఇంజనులో గొప్ప గుణం దాని తేలికదనం. అమెరికా కంపెనీ బ్యూయిక్ నుంచి రోవర్‌కు వచ్చిన ఈ డిజైనులో ఇంజను మొండెమైన బ్లాకూ, దాని మూతల్లాంటి హెడ్లూ అల్యూమినియంవి. నాలుగు సిలిండర్ల పోత ఇనుప ఇంజనుతో పోలిస్తే బరువులో పెద్ద తేడా లేదు. అందుకే మూతి బరువెక్కి మలుపుల్లో మొండికేయదు. వినికిడికి కూడా హాయిగా ఉంటుంది. ఆలయం మండపంలో మృదంగం మోగినట్టు లోతైన శబ్దం. ఆ శబ్దానికి లొంగిపోయి జేబులోంచి డబ్బు తీసినవాళ్లను నేను తప్పుపట్టను. తీసే ముందు నాలుగు చూడమని బతిమాలుతాను, అంతే.

మొదటిది వేడి. ఇంజను వేడెక్కాక నిలిపి ఉంచి ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు పాకితే రేడియేటర్ సంగతి ఎవరూ ఆలోచించలేదన్నమాట. కబుర్లు చెబుతూ ఆ ఇరవై నిమిషాలు గడపండి, అమ్మేవారి ముఖం కూడా ముల్లంత చక్కగా సంగతి చెబుతుంది.

రెండోది ఇరుసు నిష్పత్తి, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇరుసుకు శక్తి తెచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క. నాలుగు సిలిండర్ల ఎంజీబీ ఇరుసు 3.9. కంపెనీ తన వి8లో 3.07 పెట్టింది. పాత ఇరుసు అలాగే ఉంచి వి8 పెడితే కారు కూడలి దాటగానే గేర్లన్నీ అయిపోతాయి, హైవే మీద ఇంజను అదేపనిగా అరుస్తుంది. ఏనుగుకు మేకపిల్ల అడుగులు నేర్పినట్టు ఉంటుంది. అమ్మేవారికి ఇరుసు నిష్పత్తి నోటికి వచ్చి ఉంటే మంచి సూచన. ఇంజను గురించి అరగంట చెప్పి, ఇరుసు అనగానే తడబడితే ఆ కారు పని సగంలో ఆగిపోయింది.

మూడోది బ్రేకులు. కంపెనీ వి8కి మందపాటి డిస్కులు, వాటిని నొక్కిపట్టే పెద్ద కాలిపర్లు ఇచ్చింది. చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి. నాలుగోది కోతలు. సైలెన్సర్ గొట్టాలు బయటికి వెళ్లడానికి కొందరు లోపలి మడ్‌గార్డు రేకులకు రంధ్రాలు కోస్తారు. నీటుగా కోసి అంచు మడిచినది వేరు, కొరికినట్టు కోసినది వేరు. బానెట్ మీద ఉబ్బు ఉందా కూడా చూడండి. కాస్టెల్లో కార్లకు ఉబ్బు ఉండేది. ఫ్యాక్టరీ మాత్రం పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్లను వెనక్కి జరిపి బానెట్‌ను చదునుగా ఉంచింది. ఉబ్బు ఉండటం తప్పు కాదు. ఉబ్బు చూపించి ఫ్యాక్టరీ వి8 అని చెబితే మాత్రం లేచి నమస్కారం పెట్టి వచ్చేయండి. అలాగే 1970లలో కంపెనీ వి8 రోడ్‌స్టర్‌ను అమ్మలేదు, జీటీని మాత్రమే అమ్మింది. 1990లలో వచ్చిన ఆర్‌వీ8 వేరే మోడల్.

ఇక్కడ నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది. అందరూ ముఖం చిట్లించే రబ్బరు బంపర్ కార్లే వి8 మార్పుకు అనువైనవి! ఆ కాలంలో కంపెనీ నాలుగు సిలిండర్ల కార్లకూ వి8 కార్లకూ ఇంజను గదిని ఒకే తీరుగా చేసింది. ఇంజను పట్టే చోటు ముందే సిద్ధంగా ఉంది, పాత క్రోమ్ కారులో అయితే ఆ చోటు కొట్టి, కోసి చేసుకోవాలి. పెళ్లిచూపుల్లో ఎవరూ ఎంచని పిల్ల ఇంటికి దీపమైనట్టు, సంతలో తక్కువ ధర పలికే కారు ఈ పనికి అన్నిటికంటే గొప్పగా కుదురుతుంది. రబ్బరు బంపర్ వి8, 3.07 ఇరుసు, ఎత్తు తగ్గించిన సస్పెన్షన్ మూడూ ఒకే కారులో కనబడితే నేను వరుసలోని మిగతా కార్లను చూడకుండానే గెలుపు కప్పు ఇచ్చేస్తాను.

చిన్న మార్పులు, పెద్ద సుఖం

కార్బురేటర్ల గురించి తక్కువే చెబుతాను. ఈ ఇంజను హెడ్‌లో నాలుగు సిలిండర్లకు గాలి వెళ్లే దారులు రెండే. రెండు ఎస్.యు. కంపెనీ కార్బురేటర్లు దానికి చక్కగా సరిపోతాయి. పెద్ద వెబర్ కంపెనీ కార్బురేటర్ పెట్టిన కారు శబ్దం బాగుంటుంది, ఫొటో ఇంకా బాగుంటుంది. హెడ్‌కూ, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కూ పని చేయించకుండా ఉత్త వెబర్ మాత్రమే తగిలిస్తే పెట్రోలు తాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మారాం చేస్తుంది. అమెరికాకు వెళ్లిన చివరి కార్లు కాలుష్య నియమాల వల్ల ఒకే కార్బురేటర్‌తో నీరసపడ్డాయి. వాటికి రెండు ఎస్.యు.లు తిరిగి పెట్టడం మార్పు కాదు, వైద్యం.

అన్ని మార్పుల్లోనూ నేను ఎక్కువ ప్రేమించేది ఐదు గేర్ల గేర్ బాక్స్. బయటికి ఏమీ కనబడదు, ఎవరూ ఫొటో తీయరు. హైవే మీద మాత్రం ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది, పక్క సీటులో ఉన్నవారి మాట వినబడుతుంది. హైవే వేగంలో ఇంజను తిరుగుడు తగ్గించే ఓవర్‌డ్రైవ్ లేని కారుకు ఇది వరం. దీని ఆవు స్పీడోమీటర్. గేర్ బాక్స్ మార్చాక స్పీడోమీటర్‌ను సరిచేయకపోతే అది నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఫోనులో జీపీఎస్ వేగం పెట్టుకుని నడిపి చూడండి. రెండూ కలిస్తే ఆ పని చేసినవాడు నెమ్మదైన మనిషి, అతడు ముట్టుకున్న మిగతా భాగాలను కూడా సగం ధైర్యంతో నమ్మవచ్చు.

పూర్తిగా ఆధునిక ఇంజను పెట్టడం వేరే దారి. ఫ్రంట్‌లైన్ అనే బ్రిటిష్ సంస్థ ఎంజీబీ యాభయ్యేళ్ల సందర్భంగా 2012లో చేసిన ఎల్ఈ50లో మాజ్డా రెండు లీటర్ల ఇంజను, ఆరు గేర్ల బాక్స్, కొత్త సస్పెన్షన్, కొత్త బ్రేకులు అన్నీ కలిపి పెట్టింది. ఇది పిల్లి, ఆవు, ఇల్లు, సంసారం ఒకేసారి తెచ్చుకున్న సన్యాసి. పని నిండుగా ఉంటుంది, ధర కూడా నిండుగానే ఉంటుంది. ఇంట్లో గరాజులో ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చి అదే స్థాయి చేరుకున్నానని ఎవరైనా చెబితే బిల్లులు చూపించమనండి. నిజమైతే సంతోషంగా సంచినిండా చూపిస్తారు.

విద్యుత్ మోటారు గురించి నా మాట సూటిగా చెబుతాను. జాగ్వార్ 2017లో ఈ-టైప్‌ను విద్యుత్ కారుగా మార్చి చూపించింది, 2018 మేలో ప్రిన్స్ హ్యారీ పెళ్లి రోజున అది ప్రపంచమంతటా కనబడింది. అందంగానే ఉంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా మాత్రం 2019లో ఇలా మార్చినవి ఇక చారిత్రక వాహనాలు కావని, మార్చేవారు తీసిన భాగాలను గుర్తులు పెట్టి దాచుకోవాలని చెప్పింది. నగరంలో రోజూ నడుపుకునేవారికి అది మంచి వాహనమే. శబ్దం, పెట్రోలు వాసన, గేరు పడేటప్పుడు చేతికి తెలిసే బిగువు కోసం పాత కారు కొనేవారికి కాదు. నేను ఈ రెండో గుంపులో మనిషిని.

మరి మీకు ఏది?

ఏడాదికి నాలుగైదు ఆదివారాలు మాత్రమే నడుపుతారు, ప్రదర్శన పోటీల్లో నిలబెట్టాలని ఉంది అంటే మార్పులు లేని 1974కు ముందు కారునే కొనండి. మార్పు చేసిన కారును న్యాయనిర్ణేతలు మెచ్చుకుంటారు, మార్కుల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నెలకు రెండు మూడు దూర ప్రయాణాలు చేస్తారంటే ఐదు గేర్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి రేడియేటర్ ఫ్యాను ఉన్న నాలుగు సిలిండర్ల కారు చాలు. మార్పు చేసిన కార్లలో నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే. భార్యాభర్తలిద్దరూ కలిసి తిరిగే కారు అయితే జీటీ తీసుకోండి, వాన కురిసే దేశంలో గట్టి పైకప్పు విలువ మొదటి నెలలోనే తెలుస్తుంది. వి8 కావాలంటే పూర్తయిన వి8నే కొనండి. సగం చేసినది సగం ధరకు వస్తోందని ఆశపడితే, మిగిలిన సగానికి రెండింతలు పెట్టాల్సి వస్తుంది.

హైదరాబాదుకో విశాఖకో తెచ్చుకోవాలన్న కల ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో 2021లో వచ్చిన నియమాల ప్రకారం యాభయ్యేళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులకు లోనుకాని వాహనానికే వింటేజ్ గుర్తింపు, వి.ఎ. అక్షరాలున్న నంబరు వస్తాయి. కాబట్టి ఇక్కడికి మార్చని కారు గురించి ఆలోచించడమే దారి.

బేరం తేలే ముందు చివరగా ఒక్కటి అడగండి: తీసేసిన పాత భాగాలు ఎక్కడున్నాయి? మంచి యజమాని మిమ్మల్ని గరాజు వెనక్కి తీసుకెళ్లి అట్టపెట్టెలు చూపిస్తాడు. పాత కార్బురేటర్లు నూనె గుడ్డలో చుట్టి ఉంటాయి, పాత స్పీడోమీటర్ మీద చీటీ అంటించి ఉంటుంది, నల్ల బంపర్ గోడకు ఆనించి ఉంటుంది. అవి కారుతోపాటు ఇస్తారా అని అడిగి, సరే అంటే, పెట్టెలు మోయడానికి ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి. బంపర్ చాలా బరువుంటుంది.